చింతచెట్టు తొర్రతో మొదలుపెట్టండి: చిన్న గుడ్లగూబల్ని వెతకడం, గుర్తుపట్టడం ఎలా

గుడ్లగూబ అనగానే మనవాళ్ళకి శ్మశానం, పాడుబడ్డ మేడ, సినిమాలో దెయ్యం రాబోయే ముందు వచ్చే సౌండు, ఇవే గుర్తొస్తాయి, ఎవరైనా రెప్ప వెయ్యకుండా చూస్తే గుడ్లగూబలా ఏంట్రా ఆ చూపు అంటాం, మన పరిచయం అక్కడితో సరి. కానీ ప్రపంచం మొత్తం మీద 250 రకాల దాకా గూబలుంటే అందులో బోలెడన్ని గోరింకంత ఉండేవే, కొన్నయితే పిచ్చుకంత. ఆ చిన్నవాటి గురించే ఈ రాత. ఎక్కడ వెతకాలి, ఎలా గుర్తుపట్టాలి, కనపడ్డాక ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు. ముందు మన ఊళ్ళో ఉన్నదాన్ని నేర్చుకుంటే చాలు, అదే పద్ధతి అమెరికాలో అయినా, ఐరోపాలో అయినా పనికొస్తుంది, నేను అలాగే నేర్చుకున్నా కాబట్టి ధైర్యంగా చెప్తున్నా.

ముందు ఖర్చు సంగతి. కెమెరా అక్కర్లేదు. 8 ఇంటూ 42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది) ఉంటే హాయి, లేకపోయినా మన ఊరి గూబ కనపడుతుంది. ఫోన్ ఉంటే చాలు, అది కూడా ఫొటోకి కాదు, అరుపు రికార్డు చేసుకోడానికి. ఎందుకంటే చిన్న గూబల విషయంలో కన్ను రెండోది, చెవి మొదటిది. ఈ ముక్క ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతాది అదే వస్తుంది.

సరే, మొదలు. మీ వీధిలో పాత చింతచెట్టు, వేపచెట్టు, మర్రి, మామిడి, ఏదైనా తొర్ర ఉన్న చెట్టు ఉందా చూడండి. చెట్టు లేకపోతే పాత పెంకుటిల్లు, గుడి గోపురం, వాడకం లేని గోడౌన్. అక్కడ ఉండేది స్పాటెడ్ ఔలెట్, తెలుగులో పైడికంటి అనే పాత మాట ఉంది, పైడి అంటే బంగారం కదా, ఆ పచ్చటి కళ్ళు చూస్తే పేరు ఎందుకు పెట్టారో మీకే తెలుస్తుంది. సుమారు 21 సెంటీమీటర్లు, అంటే గోరింక కన్నా కొంచెం పొట్టి, కానీ లావుగా ముద్దలా ఉంటుంది. బూడిద కలిసిన గోధుమరంగు ఒంటి మీద తెల్లచుక్కలు, తెల్లటి కనుబొమ్మలు, చెవుల్లాంటి పిలకలు ఏమీ ఉండవు, తల గుండ్రంగా ఉంటుంది.

సాయంత్రం ఆరు, ఆరున్నర మధ్య వెళ్ళి ఆ చెట్టుకి ఓ ఇరవై అడుగుల దూరంలో కదలకుండా నిలబడండి. తొర్ర అంచున తల కనపడుతుంది. మీరు దాన్ని చూస్తే అది మిమ్మల్ని చూస్తుంది, చూసి ఊరుకోదు, తల పైకీ కిందకీ ఆడిస్తుంది, బస్సు కండక్టర్ ఎక్కు ఎక్కు అన్నట్టు. అది వెక్కిరింత కాదండి. గూబ కళ్ళు గుంటల్లో అటూ ఇటూ తిరగవు, మనలా గుడ్లు తిప్పలేదు, అందుకే తల మొత్తం కదిపి నువ్వు ఎంత దూరంలో ఉన్నావో లెక్కేసుకుంటుంది. మెడ 270 డిగ్రీల దాకా తిరగడం కూడా అందుకే, మనకి మెడలో ఏడు ఎముకలుంటే వాటికి పద్నాలుగు.

తొర్ర దొరకలేదా, చెట్టు కింద చూడండి. కాండం మీద సున్నం కారినట్టు తెల్లటి చారలు, కింద బొటనవేలంత బూడిదరంగు ఉండలు కనిపిస్తే పైన ఎవరో ఉన్నట్టే. ఆ ఉండలు రెట్ట కాదు, గూబ అరిగించుకోలేక నోట్లోంచి ఉమ్మేసినవి. ఒకదాన్ని గిన్నెలో రాత్రంతా నానబెట్టి పొద్దున్న పుల్లతో విడదీస్తే పేడపురుగు రెక్కలు, మిడత కాళ్ళు, ఎలుక దవడ ఎముక, అన్నీ బయటపడతాయి. చేతులు కడుక్కోండి తర్వాత, గిన్నె కూడా వంటింటిది కాకుండా చూసుకోండి, మా ఇంట్లో ఆ గొడవ ఒకసారి అయింది, ఇక వివరాల్లోకి వెళ్ళను.

దీని అరుపు కిచకిచలాడుతూ గొడవపడుతున్నట్టు ఉంటుంది, చిరర్ర్ చిరర్ర్ చివక్ చివక్ అని, రెండు మూడు కలిసి ఒకేసారి మొదలుపెడితే పక్కింట్లో ఏదో తగాదా అనుకుంటాం. చీకటి పడే వేళ, తెల్లారగట్ల ఎక్కువ. ఇంటి మీద గూబ అరిస్తే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళే అలవాటు మన ఊళ్ళల్లో ఉండేది, మా అమ్మమ్మ అయితే అరుపు వినగానే పొయ్యిలో ఉప్పు వేసేది. అదే బెంగాల్ వెళ్తే లక్ష్మీదేవి వాహనం అని దండం పెడతారు. ఆ పిట్టకి మాత్రం మీ ఇంటి మీద ఇంటరెస్ట్ లేదు, వీధిలైటు కింద పురుగులున్నాయి కాబట్టి వచ్చింది. వాన పడ్డ సాయంత్రం ఉసిళ్ళు లేచినప్పుడు కరెంటు తీగ మీద కూర్చుని వాటిని ఎగిరి ఎగిరి పట్టుకుంటుంది, ఇది చూడాల్సిన సీను.

పైడికంటి బాగా అలవాటయ్యాక ఇక నాలుగు ప్రశ్నలు. ఏ చిన్న గూబ కనపడినా ఇవే వేసుకోండి. తల మీద చెవుల్లాంటి పిలకలున్నాయా లేదా, కళ్ళు పసుపా ముదురు గోధుమరంగా, ఒంటి మీద చుక్కలా అడ్డచారలా చెట్టు బెరడు లాంటి గజిబిజి గీతలా, అరుపు ఒక్క ముక్కా, రెండు మూడు ముక్కలా, లేక ఆగకుండా పోయే వరసా. ఈ నాలుగింటికీ జవాబు రాసుకుంటే తొంభై పాళ్ళు పని అయిపోయినట్టే. సైజు మీద మరీ ఆధారపడకండి, చీకట్లో అన్నీ పెద్దగానే కనిపిస్తాయి. ఇంకోటి, నెట్లో ఒక మాట తిరుగుతూ ఉంటుంది, కళ్ళు పసుపుగా ఉంటే పగలు తిరిగేది, నల్లగా ఉంటే రాత్రి తిరిగేది అని. నమ్మకండి. మన అడవుల్లోనే పచ్చకళ్ళతో పక్కా రాత్రిపూట తిరిగే గూబ ఉంది, దాని సంగతి ఇప్పుడే వస్తుంది.

నేను ఎలా బోల్తా పడ్డానో చెప్తా. గుంటూరులో అద్దెకున్నప్పుడు ఇంటి వెనక పెద్ద వేపచెట్టు ఉండేది, రాత్రి పదింటి నుంచి ‘వక్...’ అని ఒక్క ముక్క, కాసేపు ఆగి మళ్ళీ ‘వక్...’, ప్రశ్న అడుగుతున్నట్టు చివర్న కొంచెం పైకి లేస్తుంది. రెండు వారాలు అది కప్ప అనుకున్నా, ఎండాకాలంలో కప్పేంటి అని కూడా అనుమానం రాలేదు, పక్కింటి సంపులో ఉందేమో అని వాళ్ళని మూత తీయించి మరీ చూశా. చివరికి ఒక పొద్దున్న అదే చెట్టులో కాండానికి ఆనుకుని విరిగిన కొమ్మ మొద్దులా ఏదో ఉంటే ఏంటా అని చూస్తే దానికి చెవులున్నాయి. అది ఇండియన్ స్కాప్స్ ఔల్. పిలకలున్నాయి, కళ్ళు ముదురు గోధుమరంగు, మెడ వెనక లేతరంగు పట్టీ, ఒళ్ళంతా బెరడు డిజైను. పగలు కళ్ళు చీలికల్లా మూసుకుని, ఒళ్ళు సన్నగా సాగదీసుకుని కొమ్మలా నటిస్తుంది, మీరు పది అడుగుల్లో నిలబడినా కదలదు, ఆ నటన మీద దానికి అంత నమ్మకం. ఊళ్ళల్లో, తోటల్లో, క్యాంపస్‌లలో కూడా ఉంటుంది కానీ చాలామంది దాన్ని నాలాగే వినీ వినక వదిలేస్తారు.

దీని శాస్త్రీయ నామం రెండో భాగం బక్కమీనా. శ్రీలంకలో సింహళంలో గూబని బకమూణ అంటారు, 1769లో పెనంట్ అనే వేల్స్ దేశపు ఆయన ఆ ఊరి పేరునే పెట్టేశాడు. మన పైడికంటికి అలాంటి అదృష్టం పట్టలేదు.

ఇప్పుడు ఇందాకటి పచ్చకళ్ళ రాత్రి గూబ. ఓరియెంటల్ స్కాప్స్ ఔల్, పిలకలున్నాయి, కళ్ళు పసుపు, సుమారు 19 సెంటీమీటర్లే, బూడిదరంగులో ఒకటుంటుంది, ఇటుకరంగులో ఒకటుంటుంది, రెండూ ఒకటే జాతి, రంగు చూసి కంగారు పడకండి. అరుపు మూడు ముక్కలు, ‘వుట్ చు చ్రాయ్’ అన్నట్టు, మొదటి రెండూ పొట్టి, మూడోది బరువుగా. ఇది ఊళ్ళో దొరకదు, అడవి కావాలి. నల్లమల, మారేడుమిల్లి వైపు రాత్రి బస చేస్తే వినే ఛాన్స్ ఉంది. ఒక్క ముక్క అయితే ఇండియన్, మూడు ముక్కలయితే ఓరియెంటల్, ఇంతే లెక్క, చీకట్లో పిలకలు ఎలాగూ కనపడవు.

అడవికి వెళ్ళాక ఇంకోటి తప్పకుండా తగుల్తుంది, జంగిల్ ఔలెట్. సైజు, గుండ్రటి తల, పచ్చ కళ్ళు, అన్నీ పైడికంటి లాగే అనిపిస్తాయి, తేడా ఒంటి మీద ఉంది. పైడికంటికి చుక్కలు, దీనికి తల నుంచి తోక దాకా సన్నటి అడ్డచారలు, చారల లుంగీ కప్పుకున్నట్టు. రెక్కల్లో ఎర్రమట్టి రంగు. అరుపు నిదానంగా మొదలయి ‘కావ్ కావ్ కావ్’ అంటూ స్పీడు అందుకుని ఆఖర్న చిన్నగా తగ్గిపోతుంది, ఆటో స్టార్ట్ చేసి గేరు మార్చినట్టు. పొద్దున్న ఎనిమిదింటికి కూడా అరుస్తుంది కాబట్టి రాత్రి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. ఫరహాబాద్ సఫారీకి వెళ్ళినప్పుడు జీపులో అందరూ పులి పులి అని దారి వైపే చూస్తుంటే నేను ఎండిన కొమ్మ మీద దీన్ని చూశా, చూపిస్తే ఒకాయన ఇంతేనా అన్నాడు. పులి కూడా రాలేదు ఆ రోజు.

కనుక్కోడానికి ఇంకో దొంగదారి ఉంది, పగటిపూట పనిచేస్తుంది. చిన్న పిట్టలకి గూబ అంటే చచ్చేంత కోపం, ఎందుకంటే ఇది వాటి పిల్లల్ని ఎత్తుకెళ్తుంది. పగలు ఎక్కడైనా దాక్కున్న గూబ కనపడితే చాలు, పికిలిపిట్టలు, ఏట్రింతలు, తేనెపిట్టలు, ఉడుతతో సహా చుట్టూ మూగి తిట్టిపోస్తాయి. ఒకే కొమ్మ చుట్టూ నాలుగైదు రకాల పిట్టలు గోల చేస్తుంటే అక్కడికి వెళ్ళి మధ్యలో చూడండి, పాము అయినా ఉండాలి, గూబ అయినా ఉండాలి. పాము కూడా ఉండొచ్చు అన్నది సీరియస్‌గానే చెప్తున్నా, పైకి చూస్తూ నడవకండి.

ఈ తిట్ల గోల తట్టుకోలేకనేమో కొన్ని గూబలు తల వెనక కూడా కళ్ళు పెట్టుకున్నాయి, నిజం కళ్ళు కాదు, ఈకల్లో రెండు నల్ల మచ్చలు చుట్టూ తెల్ల అంచు. హిమాలయాల్లో ఉండే కాలర్డ్ ఔలెట్‌కి అలా ఉంటుంది, మన దేశంలో అన్నిటికన్నా చిన్న గూబ అదే, పిచ్చుక కన్నా కాస్త పెద్దది అంతే, వెనక నుంచి చూసినా అది మనవైపే చూస్తున్నట్టుంటుంది. అమెరికాలో పిగ్మీ ఔల్స్‌కీ ఇదే ఏర్పాటు. డార్జిలింగ్, ఉత్తరాఖండ్ టూర్ వేసుకున్నవాళ్ళు పగటిపూట ఒకే పిచ్‌లో ఈల వేసినట్టు నాలుగు ముక్కల పిలుపు వినపడితే ఆగండి, అది ఇదే కావచ్చు.

ఇక్కడ కొంచెం ఆగి ఒక కథ చెప్పాలి, గుర్తుపట్టడం ఎంత జాగ్రత్తగా చెయ్యాలో దీన్ని మించిన ఉదాహరణ నాకు తెలీదు. ఫారెస్ట్ ఔలెట్ అని మన పైడికంటి చుట్టమే ఒకటుంది. 1872లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో బస్నా దగ్గర బ్లూయిట్ అనే ఆయనకి దొరికితే మరుసటి ఏడు హ్యూమ్ అనే పక్షి శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు, ఆ తర్వాత 1884 దాకా ఇంకొన్ని దొరికాయి, అన్నీ కలిపి ఏడే శాంపిళ్ళు, అంటే చంపి దూది కుక్కి కుట్టి మ్యూజియంలో దాచిన పిట్టలు, అంతే, మాయం. వెతికినవాళ్ళు వెతికారు, దొరకలేదు. మధ్యలో మైనర్ట్‌జగెన్ అనే బ్రిటిష్ ఆర్మీ ఆఫీసర్ 1914లో గుజరాత్‌లో నాకు దొరికింది అని ఒక శాంపిల్ చూపించాడు, దాంతో జనం అక్కడికెళ్ళి వెతకడం. పమేలా రాస్‌ముసెన్ అనే శాస్త్రవేత్త ఆ ఈకలు, కుట్లు పరీక్ష చేసి చూస్తే అది 1884 నాటి పిట్ట, మ్యూజియంలో దొంగిలించి చీటీ మార్చి మళ్ళీ కుట్టి తనదిగా చెప్పుకున్నాడు. అంటే తప్పు ఊళ్ళో వెతుకుతున్నారన్నమాట ఇన్నాళ్ళూ. ఆ చీటీని పక్కన పెట్టి, నిజమైన శాంపిళ్ళు దొరికిన చోట్లకే ఆవిడ, బెన్ కింగ్, డేవిడ్ అబాట్ వెళ్ళారు, 1997 నవంబర్ 25న మహారాష్ట్రలో షహాదా దగ్గర పట్టపగలు చెట్టు మీద కూర్చుని దర్శనమిచ్చింది. 113 ఏళ్ళ తర్వాత. మేల్‌ఘాట్, ఖాండ్వా అడవుల్లో ఆ తర్వాత కనపడింది.

దీన్ని పైడికంటితో కలగాపులగం చెయ్యడం చాలా తేలిక. తేడా ఏంటంటే దీని నడినెత్తి మీద చుక్కలు దాదాపు ఉండవు, తల శరీరానికి మించి పెద్దగా కనిపిస్తుంది, పొట్ట కింద భాగం తెల్లగా, తోక మీద వెడల్పు పట్టీలు. పైడికంటి నెత్తి మీద మాత్రం పోపు చిందినట్టు చుక్కలే చుక్కలు. అందుకే ఫొటో తీస్తే ముఖం ఒక్కటే తియ్యకండి, నెత్తి, తోక కూడా వచ్చేలా తియ్యండి. ముఖం ఫొటోలు అందంగా ఉంటాయి గానీ గుర్తుపట్టడానికి సగంలో సగం కూడా పనికిరావు.

ఇక బయటి దేశాల్లో ఉన్నవాళ్ళకి. అదే నాలుగు ప్రశ్నలు, అదే తొర్ర.

గ్రీసు ఒక యూరో నాణెం చేతికొస్తే తిప్పి చూడండి, దాని మీద ఉన్నది లిటిల్ ఔల్, పాత ఏథెన్స్ నాలుగు డ్రాక్మాల నాణెం మీద బొమ్మనే మళ్ళీ వేశారు. అది మన పైడికంటికి సొంత చెల్లెలి లాంటిది, ఇద్దరి శాస్త్రీయ నామంలో మొదటి మాట ఎథీన్, అక్కడి దేవత పేరు. జర్మనీలో, ఇంగ్లండ్‌లో పాత ఆపిల్ తోటల్లో, రాతి గోడల సందుల్లో ఉంటుంది. చూడగానే ఇది మన ఊరిదే కదా అనిపిస్తుంది, నాకు ఒక ఫ్రెండ్ ఫొటో పంపి ఇక్కడ కూడా ఉందిరా అన్నాడు, దగ్గరగా చూస్తే మన పిట్ట పొట్ట మీద అడ్డగీతలు, దాని పొట్ట మీద నిలువు చారలు. ఇంగ్లండ్‌లో ఉన్నవి మొదటి నుంచీ అక్కడివి కావు, పందొమ్మిదో శతాబ్దంలో తెచ్చి వదిలారు.

అదే కుటుంబంలో మూడోది బర్రోయింగ్ ఔల్, చెట్టే అక్కర్లేని గూబ. నేలలో బొరియల్లో ఉంటుంది, పొడుగాటి కాళ్ళేసుకుని మట్టిదిబ్బ మీద పగలే నిలబడి కనిపిస్తుంది, వాచ్‌మన్ డ్యూటీ చేస్తున్నట్టు. కాలిఫోర్నియా బే ఏరియాలో మనవాళ్ళు లక్షల్లో ఉన్నారు కదా, మౌంటెన్ వ్యూలో షోర్‌లైన్ పార్కు వైపు వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళు గడ్డి దిబ్బల్ని కాస్త గమనించండి. ఫ్లోరిడాలో కేప్ కోరల్ ఊళ్ళో అయితే ఖాళీ ప్లాట్లలో బొరియల చుట్టూ కర్రలు పాతి గుర్తు పెడతారు, ఆ కర్రల లోపలికి వెళ్ళొద్దు. దీని తెలివి ఒకటి చెప్పాలి. బొరియ చుట్టూ పశువుల పేడ తెచ్చి పరుస్తుంది. ఎందుకో చాలాకాలం ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు, 2004లో ఫ్లోరిడా పరిశోధకులు పేడ ఉన్న బొరియలూ, తీసేసిన బొరియలూ పోల్చి చూస్తే పేడ ఉన్న గూబలు పది రెట్లు ఎక్కువ పేడపురుగులు తిన్నాయి. ఎర వేసి గుమ్మంలో కూర్చోవడమే. మనం వాకిట్లో కళ్ళాపి చల్లుతాం, అది టిఫిన్ కోసం చల్లుకుంటుంది. పిల్లలేమో ఎవరైనా బొరియలోకి వస్తే గిలకపాములా బుసకొడతాయి, కాబట్టి బొరియలో చెయ్యి పెట్టే సాహసం వద్దు, నిజంగా పామే ఉండొచ్చు కూడా.

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ వైపు ఉన్నవాళ్ళ పెరట్లో ఈస్టర్న్ స్క్రీచ్ ఔల్ ఉంటుంది. పిలకలుంటాయి, పసుపు కళ్ళు, బూడిదరంగులోనూ ఇటుకరంగులోనూ దొరుకుతుంది, మన ఓరియెంటల్ స్కాప్స్ గుర్తొస్తోందా, అదే సూత్రం. పేరుకి స్క్రీచ్ గానీ అరవదు, గుర్రం పిల్ల సకిలించినట్టు వణుకుతూ దిగిపోయే ఒక పాట, ఒకే స్వరం మీద సాగే గురగుర ఇంకోటి. దీనికి పెట్టె కట్టొచ్చు, మూడు అంగుళాల రంధ్రం, అడుగున చెక్కపొట్టు, నేలకి పది అడుగుల పైన, నీడ ఉన్న చెట్టుకి. పెట్టెలో గడ్డి పరచకండి, ఇది గూడు అల్లే పిట్ట కాదు. 1987లో సెంట్రల్ టెక్సాస్‌లో ఇద్దరు పరిశోధకులు ఈ గూళ్ళలో ప్రాణంతో ఉన్న సన్నటి గుడ్డిపాముల్ని కనుక్కున్నారు, గూబ వాటిని తినడానికి తెచ్చి వదిలేస్తే అవి గూటి చెత్తలో పురుగుల లార్వాల్ని తింటూ అక్కడే కాపురం పెడుతున్నాయి, అలా పాము ఉన్న గూళ్ళలో పిల్లలు త్వరగా పెరుగుతున్నాయి. పనిమనిషిని పెట్టుకున్నట్టే అయింది.

ఆరిజోనాలో ఉన్నవాళ్ళ మీద నాకు అసూయ. ఫీనిక్స్, టూసాన్ చుట్టుపక్కల ఎడారిలో సగ్వారో అనే నిలువెత్తు బ్రహ్మజెముడు జాతి మొక్కల్లో వడ్రంగిపిట్టలు తొలిచి వదిలేసిన తొర్రల్లో ఎల్ఫ్ ఔల్ ఉంటుంది. 13, 14 సెంటీమీటర్లు, బరువు సుమారు 40 గ్రాములు, కోడిగుడ్డు బరువు కూడా లేదు. ప్రపంచంలో బరువులో అన్నిటికన్నా చిన్న గూబ ఇదే అంటారు. పురుగులు, తేళ్ళు తింటుంది, తేలు కొండి పీకేసి మరీ. చలికాలం మెక్సికో వెళ్ళిపోతుంది కాబట్టి డిసెంబర్‌లో వెళ్ళి కనపడలేదంటే లాభం లేదు, ఏప్రిల్, మే నెలల్లో సూర్యాస్తమయం అయ్యాక తొర్రల వైపు చూడాలి, కుక్కపిల్ల కిచకిచ నవ్వినట్టుండే అరుపు వస్తుంది.

న్యూజెర్సీ, న్యూయార్క్, ఇంకా పైన ఉండేవాళ్ళకి సా వెట్ ఔల్. 2020 నవంబర్‌లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్ క్రిస్మస్ చెట్టులో ఇరుక్కుని ఊళ్ళోకి వచ్చేసి న్యూస్‌లో వచ్చింది, గుర్తుందా, నారింజరంగు గుడ్డలో చుట్టి పెట్టిన ఫొటో, అదే ఇది. పిలకలుండవు, పసుపు కళ్ళు, పిల్లిపిల్ల ముఖం, ‘టూ టూ టూ’ అని ఆగకుండా ఒకే తాళం. శీతాకాలంలో దట్టమైన పైన్ చెట్ల మధ్య మనిషి ఎత్తులోనే కూర్చుంటుంది, అయినా కనపడదు. తేలిక మార్గం ఏంటంటే అక్టోబర్, నవంబర్ నెలల్లో వీటిని వలల్లో పట్టి కాలికి రింగు వేసి వదిలే కేంద్రాలున్నాయి, కొన్ని జనాన్ని రానిస్తాయి, పిల్లల్ని తీసుకెళ్ళండి. అక్కడ రెక్క కింద అల్ట్రావయొలెట్ లైటు వేస్తారు, కొత్త ఈకలు గులాబీరంగులో మెరుస్తాయి, దాన్నిబట్టి వయసు లెక్కకడతారు. ఫిన్లాండ్, స్వీడన్ వైపు వెళ్ళినవాళ్ళకి ఇంకో పిచ్చుకంత గూబ తగుల్తుంది, యురేషియన్ పిగ్మీ ఔల్, చలికాలానికి ముందే ఎలుకల్ని తొర్రలో పేర్చి దాచుకుంటుంది, మనం ఆవకాయ జాడీ నింపుకున్నట్టు.

ఇప్పుడు చెయ్యకూడనివి, ఇక్కడ కొంచెం గట్టిగానే చెప్తా. ఫోన్‌లో అరుపు ప్లే చేసి పిట్టని పిలవడం మానండి. ఒకసారి ప్లే చేస్తే అది ఎవడో నా చోటుకి వచ్చాడని వేట మానేసి చాలాసేపు తిరుగుతుంది, గుడ్ల మీద ఉన్నప్పుడయితే ఇంకా అన్యాయం. గూడు లొకేషన్ గ్రూపుల్లో పెట్టకండి. ఫ్లాష్ వద్దు, టార్చి తప్పనిసరి అయితే ఎర్ర జెలటిన్ కాగితం చుట్టి, ముఖం మీద కాకుండా పక్కకి వెయ్యండి. గూబని పట్టినా, అమ్మినా, ఇంట్లో పెట్టుకున్నా 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. దీపావళి టైంలో పూజలకీ, తాంత్రిక పనులకీ వీటిని పట్టి అమ్మే వ్యాపారం మన దేశంలో నడుస్తోంది, అందులో చేతికి తేలిగ్గా చిక్కేది మన పైడికంటే. ఎక్కడైనా బోనులో కనపడితే జాలిపడి డబ్బులిచ్చి కొని వదలకండి, రేపు వాడు ఇంకో రెండు పడతాడు, ఫారెస్టు వాళ్ళకి ఫోన్ చెయ్యండి.

పిల్ల కింద పడి కనిపిస్తే? ఎండాకాలంలో ఈ ప్రశ్న ఎక్కువ వస్తుంది. ఈకలు వచ్చి, కళ్ళు తెరిచి మిమ్మల్ని కోపంగా చూస్తుంటే దానికేం కాలేదు, ఎగరడం నేర్చుకుంటోంది, కుక్కల్ని, పిల్లుల్ని తోలేసి, గుడ్డతో పట్టుకుని అదే చెట్టు కొమ్మ మీదో, కొమ్మకి కట్టిన బుట్టలోనో పెట్టండి, మనిషి చెయ్యి తగిలితే తల్లి రాదు అన్నది వట్టిమాట, రాత్రికి వచ్చి మేత పెడుతుంది. రెక్క వేలాడుతుంటే, రక్తం ఉంటే, అట్టపెట్టెకి కన్నాలు పెట్టి అందులో ఉంచి చీకటిగా ఉన్న గదిలో పెట్టి ఫారెస్టు వాళ్ళనో, పిట్టల డాక్టర్‌నో పిలవండి. పాలు, అన్నం, నీళ్ళు, ఏవీ నోట్లో పొయ్యకండి. మా వీధిలో ఒకావిడ మంచి మనసుతో పెరుగన్నం పెట్టింది, ఆ పిల్ల బతకలేదు.

చివరగా రికార్డింగు, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది. అరుపు వినపడగానే ఫోన్ రికార్డర్ ఆన్ చేసి ఒక నిమిషం కదలకుండా పట్టుకోండి, మాట్లాడకండి, ఆఖర్న మీ గొంతుతో ఊరు, తారీఖు, టైము, చెట్టు పేరు చెప్పి ఆపండి. మెర్లిన్ యాప్‌కి వినిపిస్తే ఒక పేరు చెప్తుంది, దాన్ని ఎదురింటాయన సలహాలా తీసుకోండి, తీర్పులా కాదు, మీ నాలుగు ప్రశ్నల జవాబులతో సరిపోతేనే ఒప్పుకోండి. తర్వాత ఈబర్డ్‌లో, అంటే ఎవరు ఏ పిట్టని ఎక్కడ చూశారో నమోదు చేసుకునే సైటులో, ఎక్కించండి. దేనితోనూ సరిపోకపోతే ఆ ఫైలు డిలీట్ మాత్రం చెయ్యొద్దు.

ఎందుకంటే స్కాప్స్ గూబల్లో ముఖాలన్నీ ఒకేలా ఉంటాయి, కొత్త జాతులు ఎక్కువగా అరుపు వల్లే బయటపడుతున్నాయి. ఇండోనేషియాలో లొంబోక్ దీవిలో 2003లో ఇద్దరు పరిశోధకులు, ఒకరికొకరు సంబంధం లేకుండా, కొన్నాళ్ళ తేడాలో ఒకే వింత అరుపు విన్నారు, 2013లో దానికి రింజాని స్కాప్స్ ఔల్ అని పేరొచ్చింది, ఆ ఊరివాళ్ళు మాత్రం దాని అరుపుని బట్టి ఎప్పటి నుంచో ‘పోక్’ పిట్ట అంటున్నారు. ఆఫ్రికా పక్కన ప్రిన్సిపే దీవి గూబకి 2022లో పేరు పెట్టినప్పుడు దాన్ని వెతకడంలో ఏళ్ళ తరబడి తోడున్న ఊరి పార్కు రేంజర్ ముద్దుపేరు బికెగిలా అని పెట్టారు, ఒకప్పుడు ఆయన చిలుకపిల్లల్ని పట్టేవాడు. మన పక్కనే శ్రీలంకలో 1995లో దీపాల్ వారకగొడ అనే ఆయన కితుల్‌గల వాన అడవిలో తనకి తెలియని ఒక అరుపు విన్నాడు. అక్కడి పిట్టల అరుపులన్నీ బాగా తెలిసిన మనిషి, ఇది మాత్రం దేనితోనూ కలవలేదు. వదల్లేదు. పిట్ట కంటికి కనపడింది 2001 జనవరి 23న, సింహరాజ అడవిలో. 2004లో దానికి సెరెండిబ్ స్కాప్స్ ఔల్ అని పేరు పెట్టిన పేపర్లో ఆయనతో పాటు ఉన్నది ఇందాక మనం చెప్పుకున్న పమేలా రాస్‌ముసెనే.

కాబట్టి ఆ ఫైలుకి ‘తెలీదు’ అని పేరు పెట్టి, తారీఖు వేసి, ఫోన్ మార్చినప్పుడు కూడా పోకుండా ఇంకో చోట దాచుకోండి. నా దగ్గర అలాంటివి మూడున్నాయి. ఒకటి నిజంగానే కప్ప అని ఈమధ్యే తేలింది.